త్రవ్వుటకు ముందు చూచుట

నాలుగు త్రోవలు కలియుచోట పాతదనము పేరుకొని యుండును. బాటసారి ఆగునది అచ్చటనే. కావున నూయియు, సత్రమును, చెట్టునీడయు, అంగడియు, దేవాలయమును అచ్చటనే వెలయును. ఏ దేశమందైనను ఇదియే తీరు. అమెరికాలో గుఱ్ఱపుబండ్ల కాలమున నిట్టి కూడలులయందు పూటకూళ్ల యిండ్లును, కమ్మరికొలుములును, చిన్న చిన్న ప్రార్థనామందిరములును, వాని ప్రక్కనే శ్మశానవాటికలును ఏర్పడినవి. పిమ్మట మోటారుబండ్లు వచ్చినవి. రెండు గుఱ్ఱములు తిరుగుటకు చాలిన మలుపు వేగముగా వచ్చు బండ్లకు చాలదయ్యెను. మూలనున్న గోడ యెదుటినుండి వచ్చు బండిని కానరానీయదు. తాకుడులు జరుగును, ప్రాణములు పోవును. అప్పుడు బాటలశాఖవారు వచ్చి, ప్రక్కకు తిరుగు బండ్లకు వేఱొక వరుస చేర్తుమనియో, నడుమ గుండ్రని తిన్నె కట్టి బండ్లను దాని చుట్టును నడిపింతుమనియో పథకము వేయుదురు. ఒక్కొక్క వరుసకు సామాన్యముగా 12 అడుగుల వెడల్పు కావలయును. ఆ 12 అడుగులు ఎచ్చటినుండి వచ్చును? మూలయింటి ముంగిలినుండియే కదా!

బడికి పోవు పిల్లలు ఆ కూడలిని దాటవలసినవారే గనుక, బాట బాగుచేయుటను ఏ తల్లియు కాదనదు. కాని ముంగిలితో పాటు పోవునదేమో యెఱిగి పోనిచ్చుట వేఱు, ఎఱుగక పోనిచ్చుట వేఱు. ఈ భేదమును పట్టుకొని అమెరికావారు 1966 అక్టోబరు 15 వ తేదీన నొక చట్టము చేసికొనిరి. దానికి జాతీయ చారిత్రక సంరక్షణ చట్టమని పేరు. అందలి 106 వ సెక్షను ప్రకారము, కేంద్రప్రభుత్వపు ధనముతో గాని, వారి యనుమతితో గాని ఏ నిర్మాణము జరుగునెడల నైనను, గునపము వేయుటకు ముందే ఆ చుట్టుపట్ల చరిత్రకు సంబంధించిన కట్టడములును స్థలములును కలవేమో వెదకవలెను. వెదకి కనుగొనినదానిని గూర్చి రాష్ట్రపు సంరక్షణాధికారితోను, ఊరివారితోను, ఆ నేలకు మొదటి వారైన ఆదిమజాతుల పెద్దలతోను ఆలోచింపవలెను. కూల్చవలదని మాత్రము ఆ సెక్షను శాసింపదు. ఆగుము, చూడుము, వినుము అను మూడు మాటలలో దాని సారము ఇమిడియున్నదని అచ్చటివారే చెప్పుకొందురు.

ఈ చట్టము పుట్టుటకు న్యూయార్కు నగరమునందలి పెన్సిల్వేనియా రైలుస్టేషను ముఖ్యకారణమని చెప్పుదురు. 1910 లో పెద్ద పెద్ద రాతిస్తంభములతో కట్టిన ఆ భవనమును 1963 లో పడగొట్ట మొదలిడగా, ఆపుటకు చట్ట మేదియు లేక జనులు చూచుచు నిలిచిరి. ఆ పశ్చాత్తాపము దేశమంతటను వ్యాపించెను. మూడేండ్లకు చట్టము వచ్చెను. అప్పటి దేశాధ్యక్షుని భార్యయగు శ్రీమతి జాన్సనుగారు, పాతకట్టడముల దుస్థితిని గూర్చి వెలువడిన యొక గ్రంథమునకు తొలిపలుకు వ్రాసి ఈ పనికి బలము చేకూర్చిరి.

కాని స్త్రీలు ఈ పనికి పూనుకొనుట అంతకు నూఱేండ్లకు పూర్వమే జరిగినది. 1853 లో నొక రాత్రి పొటోమాకు నదిమీద పడవలో పోవుచున్న శ్రీమతి కన్నింగుహాము అను నామె, వెన్నెలలో మౌంటు వెర్నన్ భవనమును చూచెను. అది ఆ దేశపు మొదటి అధ్యక్షుడగు జార్జి వాషింగ్టను ఇల్లు. అది శిథిలమై యుండుట చూచి మనసు కలతనొంది, కుమార్తె యగు ఆన్ పమేలాకు జాబు వ్రాసెను. పురుషులు దానిని కాపాడలేకున్న స్త్రీలేల కాపాడరాదని ఆ జాబులోని తాత్పర్యము. ఆ కుమార్తె యౌవనమున గుఱ్ఱముపైనుండి పడి రోగిష్ఠియైనది. అయినను శయ్యమీదనుండియే పత్రికలకు లేఖలు వ్రాసి, రాష్ట్రరాష్ట్రమునను స్త్రీలను కూడగట్టి, చందాలు పోగుచేయించి, 1858 లో ఆ యింటిని 2 లక్షల డాలర్లకు కొనుటకు ఒడంబడిక చేయించెను. నేటికిని ఆ భవనము ఆ స్త్రీసమాజము చేతిలోనే యున్నది. ఈ యింటినుండి వాషింగ్టను నగరమునకు పోవు బాటను పాఠకురాండ్రు జ్ఞాపక ముంచుకొందురు గాక. ముందు దానితో మనకు పని యున్నది.

కూడలిని బాగుచేయుటకు ముందు వెదకుట ఎట్లు జరుగునో చెప్పెదను. మొదట ఆ పనివలన మార్పు కలుగదగిన ప్రదేశమునకు ఎల్లలు గీయుదురు. త్రవ్వబోవు నేల మాత్రమే కాదు. క్రొత్త బాట చప్పుడు వినబడు ఇండ్లును, దాని దీపస్తంభములు కానవచ్చు ఇండ్లును గూడ నా యెల్లలో చేరవచ్చును. తరువాత కాగితముల వెదకులాట. క్రయపత్రములు, పన్నుల లెక్కలు, వీలునామాలు, పాతపటములు. వీనిలో మిక్కిలి మనోహరమైనవి శాన్‌బర్ను సంస్థవారు 1867 మొదలు అగ్నిప్రమాదముల బీమా కొఱకు గీయించిన పట్టణ పటములు. ఏ యిల్లు సులభముగా తగులబడునో తెలియుటకై ఇటుకయింటికి గులాబిరంగు, కొయ్యయింటికి పసుపు, రాతియింటికి నీలము వేసిరి. నిప్పుభయముతో గీసిన బొమ్మలు నేడు, ఏ మూలను ఏ యంగడి యుండెడిదో, ఏ పెరటిలో గుఱ్ఱపుసాల యుండెడిదో చెప్పు సాక్షులైనవి.

క్రయపత్రములలో స్త్రీల పేళ్లు కనబడు తీరు చిత్రమైనది. భర్త భూమి నమ్మునప్పుడు, అందు తనకు గల హక్కును ఇష్టపూర్వకముగా విడుచుచున్నానని భార్య వేఱుగా వాఙ్మూల మిచ్చు ఆచారము వర్జీనియా మొదలగు రాష్ట్రములలో చిరకాల ముండెను. మఱెచ్చటను ప్రస్తావనలేని ఎందఱో గృహిణులు ఆ యొక్క పంక్తివలననే చరిత్రకు దొరకుచున్నారు. విడిచిపెట్టిన హక్కు పేరు నిలిపినది!

కాగితముల పిమ్మట కట్టడములు. 50 ఏండ్లు నిండినవానిని సాధారణముగా పరిశీలింతురు. పునాది ఏ రాయి, పైకప్పు ఏ తీరు, కిటికీలు పాతవేనా, వసారా తరువాత చేర్చినదా అని యొక్కొక్కయింటిని చూచి వ్రాసికొని ఛాయాచిత్రములు తీయుదురు. ఊరి ముసలివారిని కూర్చుండబెట్టి అడుగుదురు. ఏ చెట్టుక్రింద ఎవరి బిడ్డను పూడ్చిరో, ఏ నూతిని ఏ యేట పూడ్చివేసిరో ఏ దస్తావేజునందును ఉండదు గదా.

అటుపిమ్మట నేల. పథకమునందు చేరిన స్థలమున కొలతప్రకారము వరుసలు తీర్చి, 50 అడుగుల కొకటి చొప్పుననో, ఇంకను దగ్గఱగనో, అడుగుకు కొంచెము మించిన వెడల్పున గుంటలు త్రవ్వుదురు. వచ్చిన మన్నంతయు పావు అంగుళపు కన్నుల జల్లెడలో జల్లింతురు. మట్టి రంగును, రంగుల బిళ్లలు అతికించిన యొక పుస్తకముతో సరిపోల్చి వ్రాసికొందురు. ఏలయనగా ఒకసారి త్రవ్వి పూడ్చిన మన్ను మరల ఎన్నడును మునుపటి రంగునకు రాదు. ఈ సూత్రమును మఱువకుడు.

జల్లెడలో మిగులునవి యేవి? పగిలిన పళ్లెము ముక్క, ఎముక, గుండీ, మేకు, చుట్టగొట్టపు తునుక, సీసాపెంకు. అంతయు వంటింటి పెంటయే. ఇల్లాలు విసుగుకొని పెరటిలో పాఱవేసినది పండితునకు పెన్నిధి యగుచున్నది. మేకును చూచి కాలము చెప్పుదురు: కమ్మరి చేతితో కొట్టినది 18 వ శతాబ్దపు తీరు, యంత్రము రేకునుండి కత్తిరించినది 19 వ శతాబ్దపు తీరు, తీగనుండి చేసిన గుండ్రనిది ఆ శతాబ్దపు చివరిభాగమున వ్యాపించినది. ఇంగ్లాండునందలి వెడ్జ్‌వుడ్ అను కుమ్మరి 1760 తరువాత మీగడవన్నె పళ్లెములను, 1779 మొదలు నీలిఛాయ గల తెల్లని పళ్లెములను అమ్మెను గనుక, పెంకు ఛాయయే సంవత్సరమును సూచించును. మట్టితో చేసిన పొగగొట్టములలోని రంధ్రము కాలము గడచినకొలది సన్నబడినదని హారింగ్టను అను పురావస్తు పండితుడు 1954 లో కనిపెట్టెను. ఆనాటినుండి తునుక దొరికిన రంధ్రమును కొలుచుచున్నారు. పగులకుండ దాచుకొనిన పళ్లెము బీరువాలో నుండి ఏమియు చెప్పదు, పగిలినదియే మాటాడును.

ఇట్లు దొరికినవానిలో ఏది కాపాడదగినది? గొప్ప సంఘటనతో సంబంధము, గొప్పవారితో సంబంధము, కట్టడపు తీరులోని విశేషము, ఇకముందు తెలిసికొనదగిన విషయము నేలలో దాగియుండుట అని నాలుగు ప్రమాణములు పెట్టుకొనిరి. వీనితోపాటు, ఆ కట్టడము తన పూర్వరూపమును చాలవఱకు నిలుపుకొని యుండవలెనని మఱియొక నియమము. ఈ నియమమునందే నాకు కొంత అసంతృప్తి కలదు. ధనికుని మేడ రూపు మాఱక నిలుచును. బీదయింట సంతానము పెరిగినకొలది గది చేర్తురు. కప్పు కారిన రేకు వేయుదురు. పొగ భరింపలేక ఇల్లాలు వంటిల్లు మార్పించుకొనును. అంతట ఆ యిల్లు పూర్వరూపము చెడినదని పట్టికనుండి జాఱిపోవుటకు వీలగుచున్నది. మనుష్యులు కాపురము చేసిన గుర్తులే ఆ యింటికి దోషములైన నేమనవలెను? సామాన్యుల యిండ్లను గూడ గుర్తింపవలెనని వాదించువారు ఆ దేశమున ఇప్పుడు చాలమంది కలరు.

నిర్ణయ మైన పిమ్మట ఏమి చేయుదురన్నచో, వీలైనచో బాటనే కొంత ప్రక్కకు జరుపుదురు. లేదా వరుస వెడల్పు తగ్గింతురు. రాతిగోడను విప్పి రెండు గజముల వెనుకకు కట్టుదురు. ఏదియు వీలుగానిచో కొలతలతో బొమ్మలు గీసి, ఛాయాచిత్రములు తీసి భద్రపఱచి, కూల్చివేయుదురు. ఈ కడపటి మార్గమును నేను పొగడజాలను. అయినను, 1933 లో మొదలైన కట్టడముల చిత్రలేఖన శాఖవారి కృషివలన, నేడు లేని వేలకొలది యిండ్ల కొలతలు ఆ దేశపు జాతీయ గ్రంథాలయమునందు నిలిచియున్నవి. బాటలశాఖను మఱికొంత గట్టిగా బంధించు చట్టము 1966 లోనే వేఱొకటి వచ్చినది. వేఱు త్రోవ బుద్ధికి అందునంతవఱకు ప్రజల యుద్యానములను, చారిత్రక స్థలములను బాటకొఱకు తీసికొనరాదని దాని భావము. మెంఫిస్ నగరమునందలి ఓవర్టన్ ఉద్యానము నడుమనుండి పెద్దబాట వేయబోగా, ఊరివారు వ్యాజ్యమాడి 1971 లో అత్యున్నత న్యాయస్థానమువఱకు పోయిరి. బాట ఆ యుద్యానమును చీల్చలేదు.

చూడక త్రవ్విన నేమగునో ఆంధ్రులకు ఒకరు చెప్పనక్కఱలేదు. అమరావతిలో వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు క్రొత్తపట్టణము కట్టించుకాలమున దీపాలదిన్నెను రాళ్లకై త్రవ్విరి. 1797 లో కర్నల్ మెకంజీ వచ్చి చూచునప్పటికే శిల్పములు కొన్ని చెదరిపోయినవి. 1816 లో ఆయన మరల వచ్చునప్పటికి మిగిలినవి ఇంకను తక్కువ. బుద్ధచరిత్ర చెక్కిన పలకలు మెట్లైనవి, గోడలైనవి, కొన్ని సున్నమైనవి. మిగిలినవానిలో పెక్కింటిని చూడవలెనన్న ఇప్పుడు చెన్నపట్టణమునకును, లండనుకును పోవలెను. దీనికి మాఱుగా, కృష్ణపై ఆనకట్ట కట్టుటకు ముందు 1954 మొదలు 1960 వఱకు నాగార్జునకొండ లోయనంతయు వెదకి త్రవ్వించి, కొన్ని కట్టడములను కొండమీదికి చేర్చుట మనవారు చేసిన మంచిపని. మన 1958 నాటి చట్టమును 2010 లో సవరించి, రక్షితకట్టడమునకు 100 మీటర్ల లోపల క్రొత్తనిర్మాణమును నిషేధించిరి. అటుపై 200 మీటర్లు అనుమతికి లోబడియుండును. ఇది 106 వ సెక్షనుకన్న కఠినమే. కాని ఇది పట్టికలో నెక్కిన కట్టడమునకు మాత్రమే గొడుగు పట్టును. అమెరికావారి వెదకులాటయో, ఇంకను ఏ పట్టికలోను ఎక్కనిదాని కొఱకు.

అట్లు ఎక్కని స్థలముల కథలలో నొకటి వర్జీనియా రాష్ట్రమునందలి అలెగ్జాండ్రియా పట్టణమునకు చెందినది. మౌంటు వెర్నన్ భవనమునకు పోవు బాట ఈ పట్టణము నడుమనుండి పోవును. 1932 లో సిద్ధమైన ఆ బాటమీద జనులు మోటార్లలో వాషింగ్టను ఇల్లు చూడ పోవుచుండిరి. పట్టణపు దక్షిణపు కొసను వాషింగ్టను వీధియు చర్చి వీధియు కలియు కూడలిలో, 1955 లో నొక పెట్రోలు బంకు కట్టిరి. దాని ప్రక్కన కార్యాలయ భవన మొకటి. అంతకన్న సామాన్యమైన దృశ్యము మఱొకటి యుండదు.

అది శ్మశానము. ఉత్తర దక్షిణ రాష్ట్రముల యుద్ధము 1861 లో మొదలు కాగా ఉత్తరపు సైన్యము అలెగ్జాండ్రియాను పట్టుకొనెను. దక్షిణమునుండి బానిసలు వేలకొలదిగా ఆ యూరికి పాఱివచ్చిరి. వారిని యజమానులకు మరల అప్పగింపకుండుటకై సైన్యమువారు వారిని యుద్ధమున పట్టుబడిన సొత్తుగా లెక్కించిరి. మనుష్యులుగా లెక్కింపబడుటకు ఇంకను కొంతకాలము పట్టెను. ఇరుకు గుడిసెలలో మశూచికము మొదలగు రోగములు ప్రబలి ఎందఱో చనిపోగా, 1864 లో ప్రభుత్వము వారికొక శ్మశానవాటిక ఏర్పఱచెను. 1869 జనవరిలోగా అందు 1,700 మందికి పైగా పూడ్చిరి. సగమునకు మించి పిల్లలు. గ్లాడ్విన్ అను మతబోధకుని పేర నిలిచిన చావులెక్క పుస్తకమున ప్రతివారి పేరును, వయస్సును, తేదియు వ్రాసియుండిరి.

ఆ నేలపై మొదట సిపాయిలను గూడ పూడ్చుచుండిరి. దేశముకొఱకు పోరాడిన మా వారిని తెల్ల సిపాయిల సరసన సైనిక శ్మశానమున పూడ్చవలెనని 1864 డిసెంబరులో ఆసుపత్రిలోని నల్ల సిపాయిలు నాలుగువందలమందికి పైగా చేవ్రాళ్లు చేసి అర్జీ పెట్టిరి. అర్జీ నెగ్గెను. సిపాయిల శవములను తీసికొనిపోయిరి. తల్లులును పిల్లలును అచ్చటనే మిగిలిరి.

యుద్ధానంతరము కాపలాదారులు వెడలిపోయిరి. సమాధులకు పెట్టిన కొయ్యపలకలు చివికెను, కంచె పడిపోయెను. ఇటుకల బట్టీవారు వాలునుండి మన్ను తీసికొనిరి. నేల చేతులు మాఱి 1946 లో వ్యాపారస్థలముగా నిర్ణయింపబడెను. ఇంకను తరువాత వచ్చిన పెద్దబాట దక్షిణపుటంచును కోసికొనిపోయినది. నలువదేండ్లలో ఒక్కసారియైనను పెట్రోలు పోయించుకొనువారికి తమ కాలిక్రింద ఎవరున్నారో తెలియదు. అదే బాటమీద, కొన్ని మైళ్ల దూరమున, స్త్రీలు కాపాడిన భవనము కన్నులపండువుగా నుండెను.

1987 లో ఆ పట్టణపు చరిత్రకారుడొకడు పాతపత్రికలలో ఈ శ్మశానపు ప్రస్తావన కనుగొనెను. చావులెక్క పుస్తకమును బయటికి వచ్చెను. ఇంతలో పొటోమాకుమీద 1961 లో కట్టిన వంతెన చాలదని, దాని స్థానమున క్రొత్తది కట్టుటకును, దానికి వచ్చు బాటలను కూడలులను విస్తరించుటకును పథకము వచ్చెను. ఆ పథకము చేయి ఈ మూలకును చాచెను. 1997 లో ఆ యూరి స్త్రీలిద్దఱు పూనుకొని ఈ శ్మశానమునకు మిత్రమండలి నొకదానిని స్థాపించిరి. చట్టము చూడుమనెను, ఈ స్త్రీలు ఇచ్చట చూడుడని వ్రేలు పెట్టి చూపిరి. రెండును కలిసినందువలననే పని జరిగినది.

పురావస్తు పరిశోధకులు పై మన్నును పలుచగా గీచితీసి చూడగా, ఎఱ్ఱని గట్టినేలలో కలగాపులగపు మన్నుతో పొడవైన మచ్చలు వరుసగా కనబడెను. త్రవ్వి పూడ్చిన మన్ను మునుపటి రంగునకు రాదంటిని గదా! ఒక్కొక్క మచ్చ యొక్కొక్క సమాధి. కొన్ని మచ్చలు మూరెడు, రెండు మూరలు మాత్రమే. బంకు నేలక్రిందను, దాని తారుక్రిందను గూడ అవి యుండెను. సమాధులను కదపక, శవములను చూడక, ఎచ్చట నున్నవో గుర్తించి మరల మన్ను కప్పిరి. ఇట్లు ఐదువందలకు మించిన సమాధుల చోట్లు తెలిసినవి. ఆ నేలయందే సుమారు 13,000 ఏండ్లనాటి రాతి యీటెమొన యొకటి దొరికినది. ఆ పట్టణమున దొరికిన వస్తువులలో అదియే మిక్కిలి పాతది. బానిసలకు పూర్వము, యజమానులకు పూర్వము, ఆ కూడలి నెవరో వేటగాడు దాటిపోయెను.

క్రొత్తవంతెన నాపలేదు, 2006 లో నొక భాగము, 2008 లో రెండవ భాగము తెఱచిరి. బాటయు విస్తరించిరి. నగరపాలకులు బంకు స్థలమును, ప్రక్క భవనమును కొని 2007 లో పడగొట్టించిరి. 2012 లో ఆ స్థలము దేశపు చారిత్రక స్థలముల పట్టికలో చేరెను. చావులెక్క పుస్తకములోని పేళ్లను పట్టుకొని ఆనాటివారి సంతతిని వెదకిరి. తమ ముత్తవ్వ చెల్లెలో, తాతతండ్రి బిడ్డయో ఇచ్చట నున్నదని మొదటిసారి విని వచ్చినవారు కలరు. 2014 సెప్టెంబరులో అచ్చట స్మారకవాటికను ప్రతిష్ఠించినప్పుడు వారు ముందువరుసను కూర్చుండిరి. కంచుపలకలమీద పేళ్లును వయస్సులును చెక్కియున్నవి. మౌంటు వెర్నన్‌కు పోవు బండ్లు ఇప్పుడును ఆ ప్రక్కనుండియే పోవుచున్నవి. కూడలిలో ఎఱ్ఱదీపము వెలిగినప్పుడు ఆగినవారికి ఆ పచ్చికబయలు కానవచ్చును.